మోనిత నెత్తిన పెట్టిన మూట

‘కార్తీక దీపం’ గురించి ఎవర్ని కదిపినా ఒకటే తక్కెడ బయటికి తీస్తారు. ఒక పళ్లెంలో వంటలక్క, డాక్టర్ బాబు. రెండో పళ్లెంలో మోనిత. ఈ వారం ఇటు మొగ్గుతుంది, వచ్చే వారం అటు మొగ్గుతుంది, ఆదివారం ఒక్కరోజు సెలవు. విలన్ బలం, జంట బలం సమానంగా తూగాయి కాబట్టే ఆ సీరియల్ అన్నేళ్లు టీఆర్పీల్లో మొదటి స్థానంలో కూర్చుందని అంటారు.

నాకు ఈ తక్కెడ మీదే అనుమానం. ఐదేళ్ల కథలో ఎక్కువ కాలం డాక్టర్ బాబు కూర్చున్నది దీప పక్కన కాదు, మోనిత పళ్లెంలో. జంటలో సగాన్ని తీసుకెళ్లి అవతల పెట్టి, ఆ బరువంతా మోనితదే అని చూపించడం ఈ సీరియల్ చేసిన అసలు పని. బాగా చేసింది కూడా. అందుకే దాని గురించి మాట్లాడాలనిపిస్తోంది.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది, 1500 ఎపిసోడ్లు దాటింది. మాతృక మలయాళం ‘కరుత్తముత్తు’. అక్కడ నాయిక వేషం కట్టిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీపగా వచ్చింది. నల్లగా ఉన్న దీపని గుండె డాక్టర్ కార్తీక్ (నిరుపమ్ పరిటాల) ఇష్టపడి చేసుకుంటాడు. అత్త సౌందర్యకి కోడలి రంగు నచ్చదు. కార్తీక్‌ని కోరుకునే తోటి డాక్టర్ మోనిత (శోభా శెట్టి), అతనికి పిల్లలు పుట్టరని ఒక దొంగ రిపోర్టు సృష్టిస్తుంది. దీప గర్భవతి అయ్యేసరికి అతను ఆ బిడ్డ తనది కాదంటాడు. ఆమె ఇల్లు వదిలి, వంటలు చేసి బతుకుతూ ఒక కూతుర్ని పెంచుకుంటుంది. కవలల్లో రెండో పాప తన బిడ్డేనని తెలియకుండానే తండ్రి దగ్గర పెరుగుతుంది. ఇక్కణ్నుంచి ఏళ్లకేళ్లు నడిచేదంతా ఒక్క ప్రశ్న మీద: ఈయనకి నిజం ఎప్పుడు తెలుస్తుంది?

నేను ఈ సీరియల్ చూసింది హైదరాబాదులో కాదు. సెలవుల్లో ఆళ్లగడ్డలో అవ్వ దగ్గర, నంద్యాలలో మేనత్త ఇంట్లో. రెండు ఊళ్ల మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, రెండు చోట్లా రాత్రి ఏడున్నరకి ఒకటే పాట. అత్త వాళ్ల మేడ మీద గదుల్లో బ్యాంకు కోచింగ్ పిల్లలు అద్దెకుండేవాళ్లు. నంద్యాల అంటే బయట ఊళ్ల పిల్లలకి మహానంది తర్వాత బ్యాంకు కోచింగే గదా. 2020లో ఐపీఎల్ మ్యాచులు కూడా సరిగ్గా ఏడున్నరకే మొదలుపెట్టారు. ఆ కాలంలో ఎన్ని ఇళ్లలో రిమోట్ల కోసం యుద్ధాలు జరిగాయో లెక్కలేదు. మా ఇంట్లో అయితే క్రికెట్ ఓడిపోయింది. పిల్లలు మెట్ల మీద కూర్చుని వంటలక్కనే చూసి, బ్రేకులో ఫోన్లలో స్కోరు చూసుకునేవాళ్లు.

అవ్వ తీర్పు మొదటి వారం ఏముందో ఐదేళ్ల తర్వాతా అదే. “ఆయప్ప మంచోడే పాపా. దాని మాటలు ఇని చెడిపోయినాడు.” ఆయప్ప అంటే డాక్టర్ బాబు. అది అంటే చెప్పక్కర్లేదు.

ఈ వాక్యం అవ్వ కనిపెట్టింది కాదు. మన భాషలోనే తయారుగా ఉంది. చెప్పుడు మాటలు విన్నాడు అంటాం. ఎంత సౌకర్యమైన మాట! తప్పు చేసినవాడు వాక్యంలో ఉంటాడు గానీ చేసిన పని మాత్రం ‘వినడం’ దగ్గర ఆగిపోతుంది. నేరం చెప్పినవాళ్లది. కైకేయికి మంథర ఉంది. రాముడికి చాకలి ఉన్నాడు. 1963 ‘లవకుశ’ చూసి మూడు తరాలు ఏడ్చాయి గానీ, ఆ ఏడుపులో కోపం వంతు ఎక్కువగా ఎవరికి వెళ్లిందో గుర్తు తెచ్చుకోండి. సింహాసనం మీద కూర్చున్నాయనకి కాదు, రేవు దగ్గర భార్యతో గొడవపడిన చాకలికి. కులం, స్థాయి కింద ఉన్నవాళ్ల నెత్తిన పెడితే మూట ఇంకా తేలిగ్గా కూర్చుంటుంది. మోనితది కింది స్థాయి కాదు, చదువుకున్న డాక్టరు. అయితే పెళ్లి కాని ఆడది, పైగా కోరిక దాచుకోనిది. టీవీ ఇంట్లో ఆ మూట పెట్టడానికి ఆ అర్హత చాలు.

మొదట్లో ఈ కథలో విలన్ మోనిత కాదని చాలామంది మర్చిపోయారు. మొదటి నెలల్లో దీప ఎదురు నిలబడాల్సింది రంగుతో. సవతి తల్లి భాగ్యం ఎగతాళి, అత్త సౌందర్య అసహ్యం, పెళ్లిచూపుల లోకం మొత్తం. నల్లపిల్లకి సంబంధం కుదరని ఇల్లు మా వీధిలోనూ ఉంది, మీ వీధిలోనూ ఉంటుంది. ఆ కథలో విలన్‌కి ఒక మొహం లేదు, అదే దాని బలం. (ప్రేమి విశ్వనాథ్‌కి నల్లరంగు పూసి నల్లపిల్లల బాధ చెప్పించారు, ఆ వెటకారం అలా ఉంచండి.) తర్వాత మోనిత పెరిగింది. ఆమె పెరిగేకొద్దీ సౌందర్య మంచిదవుతూ వచ్చింది. చివరికి కోడలి తరఫున కొడుకుతోనే పోట్లాడే అత్తగా, ప్రేక్షకులకి ఇష్టమైన మనిషిగా మారింది. అర్చనా అనంత్ ఆ మార్పుని ఎంతో హుందాగా చేసింది, కాదనను. కానీ రంగు మాటేమైంది? దీప ఇల్లు పోగొట్టుకున్న కారణం రంగు నుంచి రిపోర్టుకి జరిగిపోయింది. అందరిదీ అయిన తప్పు ఒక్కత్తెదైపోయింది. అంటే మోనిత నెత్తికెక్కిన మొదటి మూట సౌందర్యది. రెండోది, పెద్దది, కార్తీక్‌ది.

ఆ రెండో మూట బరువు చూద్దాం. అతను డాక్టరు. గుండె డాక్టర్ అని పెట్టడంలో రచయితల వెటకారం ఉందో లేదో తెలీదు. ఒక రిపోర్టు తప్పు కావచ్చని, ఇంకోచోట పరీక్ష చేయించుకోవాలని రోజూ పేషెంట్లకి చెప్పే వృత్తి. ఆ మాట అతనికి తన విషయంలో ఏళ్లతరబడి తట్టదు. మెట్ల మీది కోచింగ్ పిల్లల్లో ఒకడు ప్రతి వారం అనేవాడు, “డీఎన్‌ఏ టెస్టుకి ఫీజు మేం చందా వేసుకుంటాం సార్” అని. నవ్వేవాళ్లం. నవ్వు వెనక ఉన్నది చాలా సూటి విమర్శ. అతనికి నిజం తెలియకపోవడానికి కారణం మోనిత తెలివి కాదు, అతను తెలుసుకోదలచకపోవడం. దొంగ రిపోర్టు మోనిత చేసింది. దాన్ని నమ్మే పని మాత్రం అతను రోజూ కొత్తగా చేశాడు, దీప ఎదురుపడిన ప్రతిసారీ.

సీరియల్‌కి ఈ సంగతి తెలుసు. తెలిసే కప్పింది. ఎలా కప్పిందో చూస్తే పనితనం తెలుస్తుంది. మోనిత ఎప్పుడూ మనతో మాట్లాడుతుంది. పనిమనిషి ప్రియమణితోనో, అద్దంతోనో, లేదా ఊరికే తనలో తానో, చేసిందీ చేయబోయేదీ మొత్తం పైకి చెప్పేస్తుంది. కథలో అందరికీ అబద్ధాలు చెప్పే మనిషి ప్రేక్షకులకి మాత్రం ఒక్క అబద్ధం చెప్పదు. దాంతో మనకి తెలిసింది కార్తీక్‌కి తెలియదు. ఆ తేడాయే అతన్ని కాపాడుతుంది. అయ్యో, పాపం, ఆయనకేం తెలుసు అనుకుంటాం. మోనిత రాత్రి మనకి నేరం ఒప్పుకుంటుంది కాబట్టి పొద్దున్న కార్తీక్ దీపని అన్న మాటలు కూడా మోనిత ఖాతాలో రాసుకుంటాం. శోభా శెట్టి కళ్లు పెద్దవి చేసి, గొంతు తగ్గించి, ఆ స్వగతాలని సరదాగా నడిపించింది. ఆ ఇంట్లో తనకేం కావాలో గట్టిగా చెప్పగలిగిన మనిషి తనొక్కతే. చూడబుద్ధేసేది. తిట్టుకుంటూ చూడబుద్ధేసేది. 2023లో ఆమె బిగ్‌బాస్‌కి వెళ్తే మా అవ్వ ఓటు వెయ్యనంది గానీ, ఎపిసోడ్ మాత్రం వదల్లేదు.

ఇవతలి పళ్లెంలో నిజంగా బరువున్నది దీప ఆత్మాభిమానం ఒక్కటే. అది మాత్రం తేలిక సరుకు కాదు. ఆమె రోజూ వచ్చి కాళ్ల మీద పడే రకం కాదు. వండుకుంది, అమ్ముకుంది, పిల్లని చదివించుకుంది. ఆయన నోటితో ఒప్పుకునేదాకా భార్య హోదా అడుక్కోనంది. వంటలక్క అన్న పేరు వెక్కిరింపుగా మొదలై బిరుదైంది. ఇన్నేళ్లూ సీరియల్‌ని నిలబెట్టింది ఈ మొండితనం, ఆ అనుమానం ఎదురెదురుగా ఉండటమే. నిజం చెప్పాలంటే ఈ కథలో జంటకి విలన్ జంటలోనే ఉన్నాడు. మోనిత ఆ విలన్‌కి వేసిన ముసుగు.

మేనత్త ఈ సీరియల్ చూసే తీరు వేరు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, దీప ఏడ్చినప్పుడు తలెత్తదు, కార్తీక్ మాట్లాడినప్పుడు ఎత్తుతుంది. ఆమె కాపురం పదకొండేళ్లు అనుమానంతోనే నడిచి ఆగిపోయింది. గేటు దగ్గర ఎవరితో మాట్లాడావు, ఫోను ఎందుకు బిజీ వచ్చింది, పిల్లోడి ముక్కు ఎవరిది. మా ఇంటి పెద్దలు పంచాయితీకి కూర్చున్న ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే: “ఎవరో చెప్పుంటారు. ఎవరంటావు?” ఆడబిడ్డ పేరు వచ్చింది, ఎదురింటామె పేరు వచ్చింది, ఒకసారి పాలు పోసే మనిషి పేరు కూడా వచ్చింది. మనుషులు మారారు, వెతుకులాట మారలేదు. మోనిత దొరికితే మామని మంచివాణ్ని చేసి ఇంటికి పంపొచ్చని వాళ్ల ఆశ. ఒకరోజు అవ్వ యథాప్రకారం “దాని మాటలు ఇని” అనగానే అత్త చిక్కుడుకాయ పక్కన పెట్టి అంది: “మీ అల్లునికి యే మోనితా చెప్పలేదు మా. ఆయప్పకు ఆయప్పే చెప్పుకున్యాడు.”

అవ్వ టీవీ సౌండు పెంచింది. ఆ తర్వాత నేను ఈ సీరియల్‌ని వేరేగా చూడటం మొదలుపెట్టాను.

మా ఊళ్లకి విలన్ల గురించి చెప్పేంత సీన్ మీకేముందని అడగొచ్చు. అడ్రసే మాది గదా! 1999 ‘సమరసింహారెడ్డి’ తర్వాత పదేళ్లపాటు తెలుగు సినిమాకి విలన్ కావాలంటే సీమకే సుమోలు పంపేది. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఆళ్లగడ్డ అని ఊరి పేరు చెప్తే ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి, నవ్వి, “బాంబులా?” అనేవాళ్లు. రాళ్లకి ప్రాణం పోసే శిల్పుల ఊరని చెప్పే ఓపిక కొన్నాళ్లకి పోయింది. ఒక చోటునో ఒక మనిషినో విలన్ చేసి పెట్టుకుంటే మిగిలినవాళ్లకి ఎంత సుఖమో అటువైపు నిలబడినవాళ్లకి తొందరగా తెలుస్తుంది. మోనిత మీద నాకున్న కాస్త జాలి అక్కణ్నుంచి వచ్చిందేమో.

ఆళ్లగడ్డకి దగ్గర్లోనే అహోబిలం ఉంది. విలన్, జంట అన్న లెక్కలో మా వైపు చిన్నప్పట్నుంచి వినే కథ అది. హిరణ్యకశిపుడు, స్తంభం, నరసింహుడు. 1967 ‘భక్త ప్రహ్లాద’ లాంటి సినిమాలు అక్కడ ఆగుతాయి. ఎస్వీ రంగారావు పడిపోయాక ఇంకేం మిగిలింది అన్నట్టు. అహోబిలంలో కథ అక్కడ ఆగదు. విలన్ చచ్చాడు, స్వామి ఉగ్రం మాత్రం చల్లారలేదు. అడవిలో తిరుగుతున్నాడు. అప్పుడు చెంచులక్ష్మి వస్తుంది, ప్రేమ, పెళ్లి. సంక్రాంతి తర్వాత పార్వేటకి స్వామి పల్లకీలో చుట్టుపక్కల ఊళ్లన్నీ నలభై రోజులకి పైగా తిరిగేది తన పెళ్లికి పిలవడానికేనని చెప్తారు. చెంచులకి ఆయన అల్లుడు. చూడండి, ఈ కథలో విలనూ జంటా ఒక్కసారి కూడా ఎదురుపడరు. విలన్ పోయాక జంట మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు ఆ ఆడపిల్ల ముందున్న కష్టం చచ్చిన రాక్షసుడు కాదు, పక్కన నిలబడిన పెళ్లికొడుకు కోపం.

‘కార్తీక దీపం’ రాయలేకపోయింది ఈ రెండో సగాన్నే. 2021లో కార్తీక్‌కి నిజం తెలిసింది. దీప నిర్దోషి, పిల్లలు తన పిల్లలే. నిజానికి అసలు కథ మొదలవ్వాల్సింది అక్కడ. ఇన్నేళ్లు నిన్ను నమ్మనివాడితో ఒకే ఇంట్లో పొద్దున కాఫీ తాగడం ఎలా? పిల్లలు తండ్రిని ఏమని అడుగుతారు? క్షమాపణ అడిగితే ఆమె సరే అంటుందా? అంటే ఎందుకంటుంది? నెల రోజులైనా ఈ ఇంట్లో కెమెరా పెడితే మా అత్త తలెత్తి చూసేది. సీరియల్ భయపడింది. విలన్ లేకుండా భర్తని, భార్యని ఒక గదిలో వదిలేయడానికి భయపడింది. వెంటనే మోనిత కార్తీక్ బిడ్డ తన కడుపులో ఉందని వచ్చింది. తర్వాత చచ్చిపోయినట్టు నాటకమాడి, ఆ హత్య కేసులో కార్తీక్‌ని ఇరికించింది. ఇప్పుడతను బాధితుడు. దీప పోలీసుల చుట్టూ తిరిగి అతన్ని కాపాడుకోవాలి. చెప్పాల్సిన లెక్క అతను చెప్పకుండానే, ఆమె అడక్కుండానే, కొట్టేశారు.

కథ అక్కణ్నుంచి నీరసించడం యాదృచ్ఛికం కాదు. మోనిత బలం అతని అనుమానంలోనిది గనక, అది పోయాక ఆమె ఎన్ని ఎత్తులు వేసినా గాలిలో కత్తి తిప్పినట్టే ఉంది. ఎంత అరిస్తే అంత తేలిపోయింది. చివరికి 2022 మార్చిలో కారు ప్రమాదంలో దీపనీ కార్తీక్‌నీ చంపేసి, పిల్లల్ని పెద్దచేసి, కొత్త కథ నడిపారు. జనం చూడలేదు. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించి తీసుకురావాల్సి వచ్చింది.

ఎలా తీసుకొచ్చారన్నది నాకు ఈ సీరియల్ మొత్తంలోకీ ముఖ్యమైన సంగతి. దీప కోమా నుంచి లేచి వెతుక్కుంటూ వస్తుంది. కార్తీక్‌కి గతం గుర్తులేదు. మోనిత అతన్ని తన మొగుడని చెప్పి తన దగ్గర పెట్టుకుంది. అతను నమ్మాడు! అంటే ఐదేళ్లు వెనక్కి, మళ్లీ మొదటి చోటికి. దీప ఎదురుగా నిలబడి నీ భార్యనంటోంది, అతను మోనిత మాట నమ్ముతున్నాడు. ఒకప్పుడు అనుమానం చేసిన పనిని ఇప్పుడు మతిమరుపు చేస్తోంది. మోనితకి మళ్లీ బలం రావాలంటే కార్తీక్ బుర్ర పనిచెయ్యడం ఆగాలని రచయితలకి తెలుసన్నమాట. పైగా ఈసారి మతిమరుపు కాబట్టి ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు. అవ్వకి చాలా నిశ్చింతగా ఉండింది. “అప్పుడే చెప్తి గదా, ఆయప్ప తప్పేం లేదని.”

2024 మార్చిలో రెండో భాగం మొదలైంది, ‘కార్తీక దీపం: ఇది నవవసంతం’. పేర్లు అవే, నటులు వాళ్లే, కథ వేరు. ఇందులో కార్తీక్ దీపని మొదట్నుంచీ నమ్ముతాడు, ఆమె కోసం అందరితో తగువు పెట్టుకుంటాడు. ఇలాంటి జంట మీదికి విలన్‌ని వదిలితే ఏమవుతుంది? మరదలు జ్యోత్స్న ఏం చేసినా ఇద్దరి మధ్యా దూరదు, బయటే తిరుగుతుంది. అందుకని ఆమెకి వేరే ఆయుధం కావాల్సి వచ్చింది. పుట్టినప్పుడు పిల్లల్ని మార్చేశారు, అసలు వారసురాలు దీప, ఆ రహస్యం ఎప్పుడు బయటపడుతుంది? దాచిన నిజం భర్త మనసులోంచి ఆస్పత్రి ఉయ్యాలకి మారింది. కథ సాగడానికి పనికొస్తుంది, కానీ రక్తం పంచుకున్న కుటుంబం, ఆస్తి, వారసత్వం, ఇవన్నీ వందసార్లు చూసినవి. మొదటి భాగంలో గదిలో ఇద్దరు మనుషుల మధ్య ఉండిన భయం ఇందులో లేదు. చక్కగా, సుఖంగా, కాస్త చప్పగా ఉంటుంది.

రెండో భాగంలో నాకు ఆసక్తిగా అనిపించింది వేరే. ఇందులో దీపకి ఇంతకుముందే ఒక పెళ్లైంది. ఆ మొగుడు మోసగాడు, దుర్మార్గుడు, చూడగానే తిట్టుకోవచ్చు. అంటే మొదటి భాగంలో ఒక్క మనిషిలో ఉన్న డాక్టర్ బాబుని ఇక్కడ ఇద్దరు మగవాళ్లుగా విడగొట్టారు. కాపురం చెడగొట్టినవాడు ఒకడు, ప్రేమించదగినవాడు ఇంకొకడు. ఇప్పుడు మోనిత కూడా అక్కర్లేదు, ఆ చెడు మొగుడే మూట మోస్తాడు. కార్తీక్ చేతులకి మట్టి అంటదు. అయినా ఇది ఒకందుకు ముందడుగే. కనీసం ఇక్కడ ఒక ఆడదాని బతుకు పాడుచేసింది ఆమె మొగుడేనని సీరియల్ నోరు తెరిచి చెప్పింది. చెప్పుడు మాటలు విన్నాడని సర్దిచెప్పలేదు.

ఆ మొగుడి పేరు నరసింహ. ఆళ్లగడ్డలో అవ్వకి అది అస్సలు నచ్చలేదు, “స్వామి పేరు పెట్టుకునే దానికి వీళ్లకు ఇంకెవురూ దొరకల్యా” అని వారం రోజులు గొణిగింది. నంద్యాలలో అత్త రెండో భాగం చూడదు. ఆ టైముకి పైగదుల పిల్లలకి చపాతీలు వత్తుతుంది. అప్పుడప్పుడు హాల్లోంచి గొంతులు పెద్దవైతే వంటింట్లోంచే అడుగుతుంది, ఆ మొదటి మొగుడు మళ్లీ వచ్చినాడా అని.